బిట్టు తూకము

ప్రొద్దుటూరు బట్టల బజారులో జాకెట్టు బిట్టు అడుగని దినముండదు. చీర రంగుకు సరిపోవునట్లు ఏరి, తానునుండి కత్తిరించి ఇచ్చు ఆ గుడ్డముక్కను పల్లెనుండి వచ్చిన అవ్వ కూడ బిట్టు అనియే అనును. కూడలిలో పంచిపెట్టు రంగు కాగితము బిట్ నోటీసు. పరీక్షకు పోవు పిల్లవానికి ఒక్క మార్కు ప్రశ్న బిట్టు. అట్టి ప్రశ్నలన్నియు గల కాగితము బిట్ పేపరు. ఆ పిల్లవాడే కొన్నియేండ్లకు ఇంజనీరింగు కళాశాలలో చేరి, మొదటి వారములోనే మరియొక బిట్టును వినును. కంప్యూటరు భాషకంతటికి అది అక్షరమువంటిదని అక్కడ చెప్పుదురు. ఇన్నినాళ్ళుగా ముక్క, తునక అని ఎరిగిన మాటయే గనుక, ఇదియు ఏదో ఒక తునకయే కాబోలునని అతడు అనుకొనును. అట్లనుకొనుటలో సగము నిజమున్నది. మిగిలిన సగమును తెలిసికొనుటకు ఆ మాట పుట్టుకను కొంత విచారింపవలెను.

తెలుగు కావ్యములు చదివినవారికి బిట్టు కొత్త మాట కాదు. కావ్యభాషలో బిట్టు అనగా మిక్కిలి, అధికముగా అని అర్థము. బిట్టలిగెననగా మిగుల కోపించెనని. ఆ అచ్చతెలుగు మాటకును బజారులోని మాటకును చుట్టరికము లేదు. ఒకటి ఎక్కువను చెప్పును. రెండవది తక్కువను చెప్పును. ధ్వని ఒక్కటియై అర్థములు ఎదురెదురుగా నిలిచిన ఇట్టి జంటలను చూచి నిఘంటుకారులు సంతోషింతురు, విద్యార్థులు విసుగుకొందురు. బజారులోని బిట్టు ఇంగ్లీషునుండి వచ్చినది. ప్రాచీనమైన ఆంగ్లములో కొరుకుట అను అర్థముగల ధాతువునుండి పుట్టి, పంటితో కొరికి తీసిన తునక అను అర్థముతో మొదలై, క్రమముగా ఏ చిన్న ముక్కకైనను పేరైనది. జాకెట్టు గుడ్డకు, పరీక్ష ప్రశ్నకు ఆ పేరు చెల్లుట సహజమే.

కంప్యూటరు బిట్టు పుట్టుక వేరు. రెండే అంకెలతో, అనగా సున్న, ఒకటి అను వానితోనే, ఎంతటి సంఖ్యనైనను వ్రాయు పద్ధతిని ఇంగ్లీషులో బైనరీ అందురు. అంకెను డిజిట్ అందురు. ఈ రెండు మాటల మొదటిదాని తలను, రెండవదాని తోకను కలిపి బిట్ అను క్రొత్త మాటను చేసినవాడు జాన్ టుకీ అను అమెరికా గణాంకశాస్త్రవేత్త. అతడు బెల్ ప్రయోగశాలలో 1947 జనవరిలో వ్రాసిన ఒక కార్యాలయపు పత్రములో ఈ మాట కనబడుచున్నది. బినిట్, బిగిట్ అను రూపములు కూడ ఆ రోజులలో ప్రచారములోనికి వచ్చినవిగాని నిలువలేదు. నిలువకపోవుటకు కారణము స్పష్టమే. వానికి వెనుక ఊరుపేరు లేదు. బిట్‌కు మాత్రము అప్పటికే ఇంగ్లీషు ఇంట పుట్టిన పాతమాట యొక్క ముఖమున్నది. కొత్త నాణెము పాత నాణెపు అచ్చుతో వెలువడినచో చెలామణికి శ్రమపడనక్కరలేదు. మరుసటి సంవత్సరము, 1948లో, అదే ప్రయోగశాలలోని క్లాడ్ షానన్ సమాచార ప్రసారమునకు గణితశాస్త్రమును కూర్చి ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసములో ఈ మాటను వాడి, దీనిని సూచించినవాడు టుకీయని పేరుపెట్టి చెప్పినాడు. అచ్చులో ఈ మాటకు ప్రతిష్ఠ కలిగినది అప్పుడే.

బిట్టు వెంట బైటు వచ్చినది. 1956లో ఐ.బి.ఎం. సంస్థలో ఒక మహాయంత్రమును నిర్మించుచుండగా, కొన్ని బిట్లను ఒక గుంపుగా చేసి పట్టుకొనవలసిన అవసరము కలిగినది. వెర్నర్ బుక్‌హోల్ట్జ్ అను ఇంజనీరు, చిన్న ముక్క బిట్టు ఐనప్పుడు నోటినిండ కొరికినది బైటు కావలెనని ఆ పేరు పెట్టినాడు. పలుకుబడిలోగాని వ్రాతలోగాని బిట్టుతో కలిసిపోకుండ అక్షరమును కూడ కొంచెము మార్చినాడు. తరువాత ఎనిమిది బిట్లు ఒక బైటు అను లెక్క స్థిరపడినది. సగము బైటును, అనగా నాలుగు బిట్లను, నిబుల్ అనిరి. ఎలుక కొరికినంత అని దాని భావము. శాస్త్రజ్ఞులకు కూడ హాస్యము పనికివచ్చునని ఈ మూడు మాటలు సాక్ష్యమిచ్చుచున్నవి.

ఇక్కడివరకు బిట్టు అనగా ఒక అంకె: సున్నయో, ఒకటియో. పాఠ్యపుస్తకములలో చాలవరకు ఇక్కడనే ఆగిపోవుదురు. కాని షానన్ వ్యాసములో ఈ మాటకు ఇంతకంటె లోతైన రెండవ అర్థమున్నది. అక్కడ బిట్టు అంకె కాదు, తూకపు రాయి. బంగారమునకు గ్రామువలె, గుడ్డకు మీటరువలె, సమాచారమునకు బిట్టు కొలత. సమముగా తూగు రెండు అవకాశములలో ఏది నిజమో తెలియనప్పుడు మనస్సులో ఎంత సందేహమున్నదో, జవాబు తెలిసినప్పుడు తీరిన ఆ సందేహపు బరువే ఒక బిట్టు. అంకె అనుటకును, అంకె తీర్చిన సందేహపు బరువు అనుటకును చాల భేదమున్నది. బంగారపు అంగడిలో గురివింద గింజ ఒక గింజయు, ఒక తూకమును కూడ ఐనట్లు, ఒకే మాట వస్తువునకును కొలతకును పేరైనది; చిక్కు అక్కడనే పుట్టినది.

ఈ భేదమును తెలుగు విద్యార్థికి చెప్పుటకు దూరము పోనక్కరలేదు. తొమ్మిదవ తరగతి పిల్లవానికే గురువు, లఘువు తెలియును. గురువు బరువైనది, లఘువు తేలికయైనది. ఈ రెండు తప్ప మూడవది ఛందస్సులో లేదు. కడప జిల్లాలోని మూడు ఊళ్ళ పేర్లను ఈ త్రాసులో వేసి చూడవచ్చును.

ప్రొద్దుటూరు అను పేరులో మొదటి అక్షరము ద్విత్వమునకు ముందున్నది గనుక గురువు, తరువాతిది లఘువు, టూ దీర్ఘము గనుక గురువు, రు లఘువు. గ ల గ ల. జమ్మలమడుగు అను పేరులో మొదటిది గురువు, తక్కిన ఐదును లఘువులే: గ ల ల ల ల ల. పులివెందులలో నడుమనున్న వెం ఒక్కటియే గురువు; దానికి ఇరువైపుల రెండేసి లఘువులు: ల ల గ ల ల. పల్లకిలో కూర్చున్న దొరకు ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు బోయీలవలె ఉన్నది ఆ పేరు.

నాలుగక్షరముల పాదములో గురులఘువులు ఎన్ని విధములుగ అమరగలవు? ఒక్కొక్క స్థానమున రెండు అవకాశములు. నాలుగు స్థానములకు పదునారు. ఐదక్షరములకు ముప్పదిరెండు, ఆరింటికి అరువదినాలుగు. ఛందశ్శాస్త్రములో నాలుగక్షరములది ప్రతిష్ఠ, ఐదక్షరములది సుప్రతిష్ఠ, ఆరింటిది గాయత్రి. నేటి భాషలో వానికి క్రమముగా నాలుగు, ఐదు, ఆరు బిట్లు. ప్రొద్దుటూరు నాలుగు బిట్లది కావున, నిబుల్ అను ఎలుక కొరుకుడు ఆ ఊరికి సరిపోవును. వర్తకుల ఊరు గనుక ఎవరును తప్పు పట్టరు. ఎనిమిది అక్షరముల అనుష్టుప్పులో వృత్తములు 256. ఎనిమిది బిట్ల బైటులో అమరికలును 256.

ఈ అమరికలన్నిటిని ఒక్కటియు విడువకుండ, ఒక్కటియు మరల రాకుండ వరుసగా వ్రాయు పద్ధతికి ప్రస్తారమని పేరు. మొదటి వరుసలో అన్నియు గురువులు. తరువాతి వరుసకు, ఎడమనుండి మొదట కనబడిన గురువు క్రింద లఘువు వ్రాసి, దాని కుడివైపుననున్న వానిని ఉన్నవి ఉన్నట్లు దించి, ఎడమవైపు ఖాళీ ఉన్నచో గురువులతో నింపవలెను. అన్నియు లఘువులైనప్పుడు ప్రస్తారము ముగియును. ఇంత పట్టికను వ్రాయకయే, ఒక అమరిక ఎన్నవ వరుసలో వచ్చునో చెప్పుటకు ఉద్దిష్టమను ఉపాయమున్నది. అక్షరములపై ఎడమనుండి 1, 2, 4, 8 అని రెట్టింపుచేయుచు వ్రాసి, లఘువులపైనున్న అంకెలను కూడి, ఒకటి కలుపవలెను. ప్రొద్దుటూరులో లఘువులు రెండవ, నాలుగవ స్థానములలో ఉన్నవి. రెండును ఎనిమిదియు పది, ఒకటి కలుప పదునొకండు. అనగా ప్రతిష్ఠా ప్రస్తారమున ప్రొద్దుటూరు 11వది. పులివెందుల సుప్రతిష్ఠలో 28వది. జమ్మలమడుగు గాయత్రిలో 63వది. అరువదినాలుగింటిలో కడపటిదానికి ముందటిది.

ప్రొద్దుటూరునకు తరువాతి వరుస ఏదో చూచినచో వినోదముగ ఉండును. మొదటి గురువు క్రింద లఘువు వేసి తక్కినవానిని దించగా ల ల గ ల అని 12వ వరుస వచ్చును. అది కలమళ్ళ. రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము దొరికిన ఊరు; తెలుగులో లభించిన మొదటి శాసనముగ, సుమారు 575 నాటిదిగ పండితులు నిర్ణయించినది ఆ ఊరి శాసనమే. ఎర్రగుంట్ల మండలములోని ఆ కలమళ్ళ భూమిమీద కూడ ప్రొద్దుటూరునకు దగ్గరగనే ఉన్నది. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రమును నేడు ఆ ఊరియొద్దనే ఉన్నది. ఇదంతయు కాకతాళీయమే. ప్రస్తారమునకు భూగోళము తెలియదు.

ప్రస్తారమునకు తెలియనిది ఇంకొకటి కూడ ఉన్నది: అర్థము. పులివెందులకు పూర్వము పులిమందల అని పేరుండెడిదని చెప్పుకొందురు. పులిమందలయు ల ల గ ల ల యే. జమ్మలమడుగునకు జంబులమడుగని పాతపేరు. అదియు గ ల ల ల ల ల. ప్రొద్దుటూరును వాడుకలో పొద్దుటూరనినను తూకము మారదు. మూడు ఊళ్ళ పేర్లును నోళ్ళలో నలిగి, రూపు మారి, అర్థము కొంత మరుగుపడియు, గురులఘువుల నడకను మాత్రము జారవిడువలేదు. భాషాశాస్త్రజ్ఞునికి ఇది ఆలోచింపదగిన విషయము. బిట్టును గూర్చి తెలిసికొనగోరువానికి మాత్రము ఇది ఒక హెచ్చరిక. గ ల ల ల ల ల అని ఆరు బిట్లు చేతికిచ్చి ఇది ఏ ఊరో చెప్పుమన్నచో ఎవ్వరును చెప్పలేరు. బిట్లు ఎన్నికను కొలుచునుగాని ఎన్నుకొన్నదాని అర్థమును చెప్పవు. షానన్ ఈ సంగతిని దాచలేదు. వార్తకు అర్థముండుట నిజమేగాని, దానిని తీగమీద పంపు ఇంజనీరునకు ఆ అర్థముతో పనిలేదని వ్యాసారంభముననే తేల్చిచెప్పినాడు. సమాచారమను మాటను విని జ్ఞానమని పొరబడువారు ఈ ఒక్క సంగతిని మరువకుండుట మంచిది.

గురులఘువుల ప్రస్తారమును మొదట సూత్రములలో కూర్చినవాడు పింగళాచార్యుడు. అతని కాలమును క్రీస్తుకు పూర్వమని ఎంచుచున్నారు. అతని ఛందస్సూత్రముల ఎనిమిదవ అధ్యాయములో ప్రస్తారము, నష్టము, ఉద్దిష్టము, సంఖ్య మొదలగు ప్రత్యయములున్నవి. అక్షరములు ఇన్ని అని చెప్పినచో వృత్తములెన్నియో రాబట్టుటకు, రెండును అన్ని మారులు హెచ్చవేయు శ్రమ లేకుండ, సరిసంఖ్యను సగము చేయుచు, బేసిసంఖ్యలో ఒకటి తీయుచు పోయి, మరల వెనుకకు వచ్చు ఉపాయమును అతడు చెప్పినాడు. ఆ రెండు మెట్లను వేరుచేసి గుర్తించుటకు ఒకదానికి రెండును, ఒకదానికి శూన్యమును సంకేతములుగా వాడినాడు. ఘాతములను త్వరగా కట్టుటకు నేటి కంప్యూటరులో వాడు పద్ధతియు ఈ జాతిదే. పదవ శతాబ్దమున హలాయుధుడు ఈ సూత్రములకు వ్యాఖ్య వ్రాయుచు మేరుప్రస్తారమును వివరించినాడు. ఐరోపాలో అది పాస్కల్ త్రిభుజమను పేర ప్రసిద్ధము.

ఇంత చెప్పగానే కంప్యూటరును కనిపెట్టినది పింగళుడేయని సభలలో కేకలు వేయువారు బయలుదేరుదురు. అది పింగళునకు గౌరవము కాదు. అతడు చేసినది అమరికల లెక్క. ఆ లెక్కను నిర్దుష్టముగా చేసినాడు. రెండంకెలతో కూడిక, తీసివేత, గుణకారము చేయు అంకగణితమును అతడు కట్టలేదు. అది అతని పనియు కాదు. ఆ అంకగణితమును విస్పష్టముగ వ్రాసి 1703లో ప్రకటించినవాడు జర్మనీ తత్త్వవేత్త లైబ్నిజ్. అవును, కాదు అను రెండు విలువలతో తర్కమును బీజగణితముగ మార్చి 1854లో గ్రంథము వ్రాసినవాడు ఇంగ్లండుకు చెందిన జార్జి బూల్. విద్యుత్తు మీటలు మూసికొనుట, తెరచుకొనుటయే బూల్ తర్కమునకు సరిపోవునని 1937లో ఎం.ఏ.కు సమానమైన పట్టమునకై వ్రాసిన సిద్ధాంతవ్యాసములో చూపినవాడు షానన్. అప్పటికతనికి ఇరువదియొక్క యేండ్లు. ఈ వరుసలో పింగళుని స్థానము మొదటిది, గొప్పది. మిగిలినవారి స్థానములను కూడ ఆయనకే కట్టబెట్టనక్కరలేదు.

ఛందస్సు పొడ గిట్టనివారికి మగ్గమున్నది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నేతగానికి పడుగు పేకల సంగతి ఒకరు చెప్పవలసినది లేదు. పడుగు పోగును పేక పోగు దాటు ప్రతిచోట ఒకే ప్రశ్న: పడుగు పైకా, క్రిందికా? చీర అంతయు ఆ ప్రశ్నకు లక్షలమారులు చెప్పిన జవాబు. 1804లో ఫ్రాన్సు దేశపు జకార్డ్ ఈ జవాబులను అట్టలమీద బెజ్జములుగ పొడిచి మగ్గమునకు తగిలించినాడు. బెజ్జమున్నచో పడుగు పోగు లేచును, లేనిచో లేవదు. కొంగుమీది నెమలి ఆ అట్టలలో బెజ్జముల వరుసగా నిద్రించుచుండును. కంప్యూటర్లు పుట్టిన తొలిదినములలో వానికి ఆహారముగ పెట్టినవి కూడ బెజ్జముల అట్టలే.

మరల ఛందస్సునకు వచ్చినచో, పెద్ద వృత్తములలో ఈ లెక్క కనులు తిరుగునట్లు పెరుగును. ఉత్పలమాల పాదమునకు ఇరువది అక్షరములు. ఛందస్సు పేరు కృతి. కృతిలో వృత్తములెన్ని? 10,48,576. కంప్యూటరు జ్ఞాపకశక్తిని మెగాబైట్లతో లెక్కించువారు పాత లెక్కలో ఒక మెగాబైటునకు ఎన్ని బైట్లని అడిగినచో చెప్పు సంఖ్యయు ఇదే, అక్షరాల ఇదే. ఆ పది లక్షల చిల్లరలో ఉత్పలమాల 3,55,799వది. ఈ సంఖ్యను లక్షణగ్రంథములలో చూచి, ఎవరో ఊరక వేసిన అంకెయని నవ్వుకొనువారు కలరు. భ ర న భ భ ర వ గణములను విడదీసి, లఘువులపై రెట్టింపు అంకెలు వేసి కూడిచూచినచో 3,55,798 వచ్చును. ఒకటి కలుప సరిపోవును. దాని మొదటి గురువును రెండు లఘువులుగా విరిచినచో చంపకమాల యగును. దాని సంఖ్య ఇరువదియొక్క అక్షరముల ప్రకృతిలో 7,11,600. లెక్క కాగితముమీద వేసికొనగలవారికి ఇది ఒక సాయంకాలపు వినోదము.

ఇప్పుడు కొలతయను రెండవ అర్థము ఎంత ముఖ్యమో చూడవచ్చును. ఏ వృత్తమో తెలియని పద్యపాదమును ఒక్కొక్క అక్షరముగ వినుచున్నవానికి, ఏ అమరికయైనను సమముగ రాగలదనుకొన్నచో, ప్రతి అక్షరమును ఒక బిట్టు సమాచారమిచ్చును. ఇరువది అక్షరములకు ఇరువది బిట్లు. అది ఉత్పలమాలయని ముందే తెలిసినవానికో? ఏ అక్షరమును గురులఘువుల విషయమున ఏమియు కొత్తగ చెప్పదు. పదవ అక్షరము గురువని పదవ అక్షరము రాకముందే అతనికి తెలియును. అంకెలు ఇరువదియే, సమాచారము మాత్రము సున్న. వ్రాసిన బిట్లు వేరు, తెలిసిన బిట్లు వేరు అనుట ఇందుకే.

అవకాశములు సమముగ లేనప్పుడు తూకము ఇంకొక రీతిగ ఉండును. పులివెందుల సీమ వానకు మొగము వాచిన నేల. ఏదో ఒక ఋతువులో అక్కడ ఎనిమిది దినములకు ఒక దినము మాత్రమే వానపడుననుకొన్నచో, వాన వచ్చినదను వార్త బరువు మూడు బిట్లు. వాన రాలేదను వార్త బరువు ఒక బిట్టులో ఐదవ వంతుకు కూడ తక్కువ. దానినెవరు చెప్పినను వినువారుండరు. రెండును కలిసి దినమునకు సగటున సుమారు 0.54 బిట్టు. వ్రాయుటకు రోజుకొక అంకె పట్టునుగాని తెలియునది అందులో సగముకంటె కొంచెము ఎక్కువ మాత్రమే. రైతు ఈ సూత్రమును ఎరుగకున్నను, ఏ వార్తకు తల ఎత్తవలెనో ఎరుగును.

ప్రొద్దుటూరు అవధానులకు పేరుగన్న ఊరు. రాణాప్రతాపసింహ చరిత్ర వ్రాసిన దుర్భాక రాజశేఖర శతావధాని, శ్రీ శివభారతము వ్రాసిన గడియారము వేంకటశేషశాస్త్రి, ఇరువురును జంటగ ఇక్కడ అవధానవిద్యకు వన్నె తెచ్చినవారు. తరువాతి తరమున సి.వి. సుబ్బన్న శతావధాని స్వయముగ అవధానములు చేయుటయేగాక ఆ విద్య పుట్టుపూర్వోత్తరములపై పరిశోధన చేసినాడు. శతావధానమున నూరుగురు పృచ్ఛకులకు నూరు పద్యములు, ఒక్కొక్క పాదముగ చెప్పి, చివరకు అన్నిటిని వరుసతప్పక ధారణ చేయవలెను. పద్యమునకు సుమారు 80 అక్షరములు, నూటికి 8,000. గురులఘువులను ఒక్కొక్కటిగ గుర్తుంచుకొనవలసినచో 8,000 బిట్లు. కాని ఉత్పలమాల, చంపకమాల, శార్దూలము, మత్తేభము అను నాలుగింటిలో ఏదో ఒకటియని నియమమున్నచో, ఏ పద్యము ఏ వృత్తమో గుర్తుంచుకొనుటకు పద్యమునకు రెండు బిట్లు చాలును, నూటికి 200. ఛందస్సు కవికి సంకెల యని ఆక్షేపించినవారు దాని ఈ ఉపకారమును తలచుకొనలేదు. సంకెలయే ధారణకు ఊతకర్ర. ఐనను అవధాని మోయవలసిన అసలు బరువు మాటలది, భావములది. దానిని ఈ లెక్క తాకను కూడ తాకదు.

నిషిద్ధాక్షరిలో ఈ తూకము మరింత స్పష్టముగ కనబడును. అవధాని తరువాత వేయబోవు అక్షరమును ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధించును. అందరును ఊహింపగల అక్షరమునే అవధాని వేసినచో సభలో ఉత్సాహముండదు. పృచ్ఛకుడు దారి మూసిన తరువాత, ఎవ్వరును తలపెట్టని అక్షరముతో అర్థము చెడకుండ అవధాని ముందుకు దాటినప్పుడు చప్పట్లు మ్రోగును. అనుకొనని అక్షరమునకే బరువెక్కువ యని షానన్ సూత్రము చెప్పుచున్నది. సభాసదులు చప్పట్లతో చెప్పుచున్నారు.

ముందే తెలిసినదానిని మరల చెప్పుట వ్యర్థమనిపించును. కాని ఆ వ్యర్థములోనే రక్షణయున్నది. 1820లో కడపకు ఉద్యోగముమీద వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడ బంగళా సంపాదించి, పండితులను జీతమిచ్చి కూర్చుండబెట్టి, తాళపత్రప్రతులను ఒకదానితో ఒకటి సరిచూపించి తెలుగు కావ్యములను నిలిపినాడు. ఆ చోటనే నేడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రమున్నది. బ్రౌన్ 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సులపై ఒక గ్రంథమును కూడ మద్రాసులో అచ్చు వేయించినాడు. ప్రతులను పరిష్కరించువానికి ఛందస్సు ఎందుకని అడుగవచ్చును. వ్రాయసకాడు ఒక అక్షరము జారవిడిచినను, హ్రస్వమును దీర్ఘము చేసినను, మొదట పట్టియిచ్చునది ఛందస్సే. ఉత్పలమాల పాదమున ఎనిమిది గురువులు, పండ్రెండు లఘువులు; మాత్రలు 28. ఇరువదియేడు వచ్చెనా, ఎక్కడనో తప్పున్నది. యతి పదవ అక్షరమున చెడెనా, తప్పు చోటు తెలిసినది. ప్రాస నాలుగు పాదములను కట్టి ఉంచును. పోయిన అక్షరమును కొన్ని మారులు ఈ ఆధారములతోనే తిరిగి కూర్చవచ్చును.

కంప్యూటరు ఇంజనీర్లును ఈ ఉపాయమునే పట్టినారు. బిట్ల వరుసకు చివర ఒక అదనపు బిట్టును చేర్చి, ఒకట్ల సంఖ్య ఎల్లప్పుడును సరిసంఖ్య అగునట్లు చూతురు. దారిలో ఒక బిట్టు తారుమారైనచో సంఖ్య బేసియై, తప్పు బయటపడును. తప్పున్నదని చెప్పుటయేగాక ఏ చోటనున్నదో కూడ చెప్పు కూర్పును 1950లో రిచర్డ్ హామింగ్ ప్రకటించినాడు. అతడును బెల్ ప్రయోగశాలవాడే. అదనపు బిట్టు కొత్త సమాచారమేమియు మోయదు. యతిప్రాసలవలె కావలి కాయును.

ఇక ఈ మాటకు తెలుగు చేయవలెనా అను ప్రశ్న. ద్వ్యంకమనియు, ద్వియాంశమనియు కొన్ని రూపములు వాడుకలోనికి తేబూనినారు. రెండంకెలలో ఒక అంకెయను మొదటి అర్థమునకు అవి సరిపోవును. కాని సందేహపు తూకమను రెండవ అర్థమున 0.54 ద్వ్యంకమనినచో అంకెలో సగము ఎట్లుండునని అడుగువానికి జవాబు చెప్పలేరు. బిట్టు అనినచో ఆ బాధ లేదు. అరబిట్టు బజారులో కూడ దొరకును. పైగా ఆ మాట తెలుగువారి నోట ఎప్పుడో నలిగి, డు ము వు లలో చేరకున్నను, చివర ఉకారము చేర్చుకొని ఇంటిమాట యైనది. దానిని వెడలగొట్టి సంస్కృతపు సమాసమునకు పీట వేయుట వలన భాషకు ఒరుగునదేమియు లేదు. కావలసినది మాటకు తెలుగు కాదు, మాట లోపలి భావమునకు తెలుగు. పులివెందులలో 2006లో వెలసిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలకును, వేంపల్లెయొద్ద ఇడుపులపాయలో 2008లో మొదలైన రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణమునకును పల్లెలలో తెలుగున చదివిన పిల్లలు అనేకులు వచ్చుచున్నారు. వారు గురులఘువులను ఒక గదిలో ఒక మార్కు బిట్టు కొరకు నేర్చి మరచి, కంప్యూటరు బిట్టును ఇంకొక గదిలో ఇంగ్లీషు నిర్వచనముగ వల్లించుచున్నారు. ఆ రెండు గదులకు నడుమ తలుపున్నదని చెప్పువాడు లేడు. తెలుగు అధ్యాపకునికి గణితము అక్కరలేదనియు, గణితాధ్యాపకునికి ఛందస్సు అక్కరలేదనియు ఏర్పడిన అలవాటే ఇందుకు కారణము. పుస్తకముల కొరత కారణము కాదు.

పులివెందుల అను పేరు గురులఘువుల త్రాసులో ఐదు బిట్లని తేలినది గదా. అదే పేరును తెలుగు లిపిలో కంప్యూటరులో దాచినచో ఎన్ని బిట్లు పట్టునో చూచి ముగింపవచ్చును. ప్రపంచ లిపులన్నిటికి సంకేతసంఖ్యలను కేటాయించిన యూనికోడ్ పట్టికలో తెలుగునకు 128 గడులున్నవి. హల్లునకొక గడి, గుణింతపు గుర్తునకొక గడి, పూర్ణబిందువునకొక గడి. పులివెందులలో పలుకునవి ఐదక్షరములేగాని గడులు పది: ప, కొమ్ము, ల, గుడి, వ, ఎత్వము, సున్న, ద, కొమ్ము, ల. సాధారణముగ వాడు సంకేతపద్ధతిలో ఒక్కొక్క తెలుగు గడికి మూడు బైట్లు పట్టును. అనగా 30 బైట్లు, 240 బిట్లు. అదే ఊరిపేరు ఇంగ్లీషు లిపిలో పదునొకండు అక్షరములు. అక్షరమునకొక బైటు చొప్పున 88 బిట్లు. ఈ లెక్కచూచి తెలుగు బరువైన భాషయని కొందరు తొందరపడి తీర్మానింతురు. ఆ 240లో చాలభాగము ఇది తెలుగు, ఇది తెలుగు అని గడిగడికిని మరల చెప్పుటకే చెల్లుచున్నది. తెలుగని ఒకసారి తెలిసిన తరువాత, 128 గడులలో ఒకదానిని ఎన్నుటకు ఏడు బిట్లు చాలును. పది గడులకు డెబ్బది. మూటకట్టి పంపు పద్ధతులు చేయు పని అదే: ముందే తెలిసినదానిని విడిచి, తెలియనిదానికే కూలి ఇచ్చును.